తోడు గంట

ఆగండి. చేతిలో ఏ పనున్నా జెర పక్కన పెట్టి వినండి. ఫ్యాను ఆపండి, ఫోను బోర్లా పెట్టండి. వినబడుతోందా? ఒక దెబ్బ. ఆ తర్వాత ఊపిరి పీల్చి వదిలేంత ఖాళీ. మళ్ళీ ఒక దెబ్బ. అది మా గడ్డ మీది గంట. ఈ చలికాలమంతా అది ఆగలేదు. క్రిస్మస్ రోజు కూడా ఆగలేదు. ఇప్పుడు దాని తాడు నా చేతిలో ఉంది.

మా గడ్డ ఎక్కడంటే, లక్డారం దాటి, క్రషర్ల దుమ్ము దాటి, మందుల కంపెనీల వెనక గోడలు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు సాగి సాగి ఆగిపోయే చోట ఒక చెరువుంది, ఆ చెరువు నడుమ. సిలువగడ్డ అంటారు. ఎండాకాలం అది దీవి కాదు, ఎండిన ఒండ్రు మీద బైకేసుకుని ఇంటి ముందు దిగొచ్చు. వానలు పడి చెరువు నిండిందా, ఇక మాఘం దాటేదాకా చుట్టూ నీళ్ళే. నీళ్ళ నడుమ పది పన్నెండు ఇళ్ళు, ఒక రేకుల ఏసయ్య గుడి, గుడి ముందు ఇనుప కంబానికి గంట. ఇంటికో పుట్టి ఉంటుంది, గుండ్రంగా, పెద్ద గంపలా. తెడ్డు వేయడం రాని చుట్టాలు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతారు, మాకదో సినిమా.

చలికాలం పొద్దున్నే మా చెరువు మీద మంచు ఎలా దిగుతుందంటే, చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. దానికి కంపెనీల పొగ కలిసి ఇంకా చిక్కబడుతుంది. అందుకే మా గడ్డకు ఒక పద్ధతుంది. మంచులో ఎవరైనా పుట్టి ఎక్కితే ముందు ఇంటికి చెప్పాలి. వెనకటికి కేక వేసేవాళ్ళు, ఇప్పుడు ఫోను చేస్తారు. వెంటనే ఆ ఇంటి మనిషి వెళ్ళి గంట తాడు పట్టుకోవాలి, పుట్టి గడ్డకు తగిలేదాకా ఊపిరికొక దెబ్బ కొడుతూనే ఉండాలి. ఆ శబ్దం వెంబడి తెడ్డు వేసుకుంటూ రావడమే. దాన్ని తోడు గంట అంటాం. దిగినవాడు నేరుగా ఇంటికి పోకూడదు. గుడి ముందుకొచ్చి, తాడు తన చేతిలోకి తీసుకుని, గబగబా మూడు దెబ్బలు కొట్టాలి. అప్పుడే గంట ఆగుతుంది. ఆ మూడూ దిగినవాడే కొట్టాలి. వాడి బదులు ఇంకొకరు కొట్టకూడదు.

మా అమ్మ ఎలిజబెత్‌కు ఈ విషయంలో ఎంత పట్టుదలంటే, నేను డిసెంబర్‌లో సెమిస్టర్ పరీక్షలయ్యాక పట్నం హాస్టల్ నుంచి వచ్చిన రోజు, బ్యాగులు బరువని నేరుగా ఇంటివైపు నడిస్తే గుడి దగ్గర నుంచే నా పేరు పెట్టి కేక వేసింది.

"ఓ ఎవా! మూడు కొట్టి పో! కొట్టందే నేను తాడు వదల!"

"అమ్మా, కనబడుతనే ఉన్న గదా!"

"నువ్వు నాకు కనబడుడు కాదు బిడ్డా. నీళ్ళకు తెల్వాలె."

నన్ను పుట్టిలో తెచ్చింది మా అన్న. పేరు ఎబెనేజర్. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక ఎబ్బు అయ్యాడు. అవతలి గట్టు మీద ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పని, ఎక్కువగా రాత్రి డ్యూటీ. ఆ రోజు గట్టు మీది కానుగ చెట్టు కింద, తలకు అమ్మ అల్లిన ఎర్ర మంకీ క్యాపు తగిలించుకుని, నన్ను చూడగానే వంగి సలాం చేశాడు.

"రాండ్రి పట్నం దొరసాని! గీ బ్యాగులేంది, చెరువు ముంచనీకొచ్చినవా?"

"నక్షత్రాలున్నయ్ అన్నా, నలగ్గొట్టకు! ఇంటికొకటి తెచ్చిన."

అన్న నవ్వు సగంలో ఆగింది. "ఇంటికొకటా? అయితే కొన్ని మిగుల్తయ్ తీ. యాదన్నోళ్ళు బీరంగూడల రూం కిరాయికి తీసుకున్నరు. ఎనక వరుసోళ్ళు గూడ సూస్తున్నరు."

"పండుగకు వస్తరు గదా?"

"వస్తరు. చుట్టాల లెక్క వచ్చి, అన్నం తిని, ఫోటో దిగి పోతరు." తెడ్డు నీళ్ళలో ముంచి తీశాడు. తెడ్డుకు పసుపు రంగు నురుగు అంటుకుంది. "ఎట్లుంటరే మరి? చేపల్లేవు, గీ కంపు. నాయిన వల ఎప్పుడో అటకెక్కింది. నా జీతంతోని పుట్టి నడుస్తున్నది."

"నువ్వు కూడా పోదామనుకుంటున్నవా?"

"నేనా? నేను పోతే అమ్మ గంట ఎవలికి కొడతది?" అని మళ్ళీ నవ్వాడు.

ఆ వారమంతా ఎంత బాగుందో! అమ్మ, నాయనమ్మ రాజవ్వ గరిజలు చేస్తుంటే నేను అంచులు ఒత్తడం, ఒత్తిన ప్రతిదీ నూనెలో విచ్చుకోవడం, రాజవ్వ "గిది గరిజ కాదు, గబ్బిలం" అనడం. సాయంత్రాలు గుడిలో క్యారల్స్ ప్రాక్టీసు. కంపెనీ డబ్బాలకు కట్టే ఇనుప పట్టీలు తెచ్చి అన్న పెద్ద నక్షత్రం కడుతున్నాడు, మనిషంత ఎత్తుది, గుడి మీద వెదురుకు ఎక్కించడానికి. నాలుగు కోణాలయ్యాయి. ఐదోదానికి పట్టీ చాలలేదు.

"రేపు డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు తెస్త," అన్నాడు.

"పండుగ ముందు రోజు నుంచి డ్యూటీకి పోకు కొడకా," అంది అమ్మ. "నీ అంగీకున్న మందు వాసన పండుగ పూట ఇంట్ల వద్దు."

"సర్లే అమ్మా, చెప్పొస్త."

తెల్లవారి మంచు దిగింది. ఈ చలికాలమంతటిలో అంత మంచు మళ్ళీ చూడలేదు. అమ్మ ఫోను మోగింది. స్పీకరు పెట్టి మాట్లాడడం అమ్మకలవాటు, అందుకే అన్న గొంతు నేను దుప్పటిలో నుంచే విన్నాను.

"అమ్మా, పుట్టి ఎక్కిన. గంట కొట్టు."

అమ్మ శాలువా కప్పుకుని పరుగెత్తింది. గంట మొదలైంది. ఆ మోతకు నేను మళ్ళీ నిద్రలోకి జారుతున్నాను, అప్పుడొక సప్పుడు. ధన్‌మని. గిన్నెలు కదిలాయి. చెరువులో నీళ్ళు గడ్డను తపతపా కొట్టాయి.

"క్రషరోళ్ళు గిప్పుడే పేల్చాల్నా," అని రాజవ్వ గొణిగి అటు తిరిగి పడుకుంది. రాళ్ళు పేల్చడం మాకు కోడి కూత లాంటిది. నేను కూడా పట్టించుకోలేదు.

గంట మోగుతూనే ఉంది. చాలాసేపటికి అర్థమైంది, ఇంతసేపు మోగకూడదని. గట్టు నుంచి గడ్డకు రావడానికి ఒక చాయ్ తాగినంత సేపు చాలు. బయటికి వచ్చి చూస్తే అమ్మ తాడు వదలకుండా మంచులోకి మెడ చాపి నిలబడి ఉంది.

"ఇంకా రాలే," అంది. "ఫోను స్విచ్చాఫ్."

అంతే, గడ్డంతా లేచింది. నాయిన బర్నబా, పక్కింటి మల్లయ్య తాత, వెనక వరుస వాళ్ళు, అందరూ పుట్టిలెక్కారు. మంచులో ఒకరికొకరు కనబడక "ఓ ఎబ్బు! ఓ ఎబ్బూ!" అని కేకలు. వెదురు బొంగులతో నీళ్ళు కలిపి కలిపి చూశారు. పుట్టి బోర్లా పడిందేమో, తుంగలో ఇరుక్కుందేమో, నురుగులో దారి తప్పాడేమో. ఎవరూ కంపెనీ వైపు చూడలేదు. ఎలా చూస్తాం? వాడు పుట్టి ఎక్కానన్నాడు. మా గడ్డ మీద ఆ మాటంటే వాడు నీళ్ళ మీద ఉన్నట్టే. ఇంకెక్కడా ఉండడు.

ఎండెక్కి మంచు విచ్చుకున్నాక మొదట కనబడింది అవతలి గట్టు. కానుగ చెట్టుకు కట్టేసి, అన్న పుట్టి. మల్లయ్య తాత వెళ్ళి చూసి, అక్కడి నుంచే చేతులూపి అరిచాడు. "నీళ్ళల్ల లేడూ! పుట్టి కట్టేసే ఉందీ! టిఫిన్ డబ్బా గూడ పుట్టిలనే ఉందీ!"

ఎంత సంతోషమో! అమ్మ తాడు పట్టుకునే "స్తోత్రం తండ్రీ" అని ఏడ్చేసింది. నాయిన తెడ్డు పైకెత్తి గాలిలో తిప్పాడు. నేనైతే ఎగిరాను, నిజంగానే ఎగిరాను.

ఆ తర్వాత కానుగ చెట్టు వెనక, గోడల మీదుగా లేస్తున్న నల్లటి పొగ కనబడింది.

*

నాయిన, నేను గేటు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళు, హిందీలో, ఒడియాలో, తెలుగులో ఏడుపులు, అంబులెన్సులు, పోలీసులు. పేలింది అన్న పని చేసే బ్లాకే. లోపలున్నవాళ్ళ పేర్లు పొద్దున్నే రాసుకున్నారట.

టైం ఆఫీసు ఆయన కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎబెనేజర్ పొద్దుగాల్నే పంచ్ కొట్టి బయటికి పోయిండు. పేలకముందే. మీ పిల్లగాడు లోపల లేడు పెద్దాయనా. దేవునికి దండం పెట్టుకో, పో."

"మరి ఇంటికి రాలే సారు. పుట్టి గట్టుకే ఉంది."

"పుట్టేంది?"

నాయిన చెప్పాడు. చెరువు, గడ్డ, మంచు, గంట, ఫోను, డబ్బా, అన్నీ. చేతులు కట్టుకుని, చిన్న పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆయన వినలేదని కాదు, విన్నాడు. విని, "అయితే చెరువుల చూసుకోండ్రి," అన్నాడు.

"చెరువుల చూసినం సారు, పొద్దున్నుంచి అదే చేసినం."

పక్కన నిలబడ్డ పోలీసాయన కల్పించుకున్నాడు. "మిస్సింగ్ కంప్లైంట్ ఇయ్యండ్రి. డిసెంబర్ గదా, దోస్తులతోని గోవా గిట్ల పోయిండేమో. వయసు పిల్లలు చెప్పి పోతరా?"

"టిఫిన్ డబ్బా పుట్టిల పెట్టి గోవా పోతడా సార్?" అన్నాను నేను. గొంతు పెరిగింది. నాయిన నా చెయ్యి నొక్కాడు.

దొరికిన శరీరాలు ఎవరివో తేల్చడానికి మిగతా కుటుంబాల వాళ్ళ రక్తం తీసుకున్నారు. నాయిన కూడా చొక్కా చెయ్యి మడిచి ఆ వరుసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు, పేరు లేదని పక్కకు జరిపారు. మడిచిన చెయ్యి దింపుకోవడం మర్చిపోయి అలాగే బస్టాపుదాకా నడిచాడు.

చెరువు మా వాడు లేడంది. కంపెనీ మా వాడు కాదంది.

తిరిగొచ్చేసరికి గంట మోగుతూనే ఉంది. నాయిన పుట్టి దిగి, తడిసిన కాళ్ళతో గుడి ముందుకు వచ్చి, తాడు కోసం చెయ్యి చాపాడు, మూడు దెబ్బలు కొట్టడానికి. అమ్మ ఇవ్వలేదు.

"ఎబ్బు దిగలే," అంది.

"ఎలిజబెత్, వాడు అసలు పుట్టి..."

"గంట కొట్టమన్నడు. కొడుతున్న. దిగినంక వాడే ఆపుతడు. నువ్వు పోయి కాళ్ళు కడుక్కో."

*

మొదట్లో అందరూ వంతులు పట్టారు. అడగకుండానే వచ్చారు. పగలు వెనక వరుస ఆడవాళ్ళు, పొద్దు గూకాక మల్లయ్య తాత, నాయిన, నేను. తెల్లవారి మంచు వేళ మాత్రం అమ్మదే, ఎవరికీ ఇవ్వదు. మూడు దెబ్బలు మాత్రం ఎవరూ కొట్టలేదు. పుట్టి దిగి గుడి ముందుకొచ్చినవాళ్ళు గంట వైపు చూసి, తల దించుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. క్యారల్స్ ప్రాక్టీసు కూడా ఆగలేదు, గంట దెబ్బకు తగ్గట్టు పాటలే నెమ్మదించాయి. ఏ పాటైనా ఊరేగింపు పాటలా వినబడేది. నక్షత్రం ఐదో కోణం మల్లయ్య తాత కట్టాడు, కట్టిన కాసేపటికే ఒంగిపోయింది. "కుంటి నక్షత్రం," అన్నాడు తానే, "గిది జ్ఞానుల్ని బెత్లెహేముకు కాదు, మెదక్ తీస్కపోతది." అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ తాడు లాగింది.

ఒక సాయంత్రం నెగడు దగ్గర రాజవ్వను అడిగాను. "నాయనమ్మా, ఇంతకుముందు ఎవరన్నా దిగకుంటే ఏం చేసిండ్రు?"

రాజవ్వ నిప్పుల్లోకి చూస్తూ చెప్పింది. "మీ తాతనే దిగలే. గప్పుడు గూడ గిదే మంచు. శవం తేలేదాంక కొట్టినం. తేలినంక, తడి బట్టల్తోనే గుడి ముందటికి తెచ్చి, ఆయన చేతిల తాడు పెట్టి, ఆ చెయ్యి మీద నా చెయ్యి పెట్టి, మూడు కొట్టిన. ఆయన కొట్టినట్టే లెక్క. గంట ఆగింది. గప్పుడు ఏడ్సిన. అందాంక ఏడ్వలే."

"మరి మా అన్నకు..."

"చెయ్యేది బిడ్డా?" అంది రాజవ్వ. "తాడు పెట్టనీకి ఒక చెయ్యి కావాలె గదా."

*

పండుగ దగ్గర పడింది. మైదా, కొబ్బరి తెమ్మంటే పటాన్‌చెరు వెళ్ళి, తిరుగు దారిలో కానుగ చెట్టు దగ్గర నాయిన పుట్టి కోసం చూస్తున్నాను. వెనక గోడ పక్క నుంచి ఒకతను వచ్చాడు. నా వయసే ఉంటుంది. భుజాన సంచి, చేతిలో నల్ల కవరు.

"ఎబ్బు భయ్యా కీ బహెన్? చెల్లెవా?" అన్నాడు.

పేరు బిరేంద్ర. అన్నతో పాటు అదే బ్లాకులో పని. సగం హిందీ, సగం తెలుగు, చూపు మాత్రం నా చెప్పుల మీద. ఆ పొద్దున పగటి డ్యూటీకి వచ్చాడట. ఊళ్ళో భార్యకు నొప్పులొస్తున్నాయని ఇంటి నుంచి ఫోను మీద ఫోను. లోపల ఫోను పనికిరాదు. మందు ఉడికే రియాక్టర్ దగ్గర ఇంకో మనిషిని పెట్టకుండా బయటికి రాకూడదు. వెనక గేటు నుంచి చూస్తే అన్న అప్పుడే పుట్టి ఎక్కుతున్నాడు.

"మైనే బులాయా, దీదీ. నేనే పిలిచిన. భయ్యా, దస్ మినిట్, జెర నిలబడు అన్న. ఆయన పుట్టి కట్టేసి వచ్చిండు. వెనక గేటు నుంచే లోపలికి పోయిండు, పంచ్ లేదు. నాకు చలి అని తన టోపీ నాకు పెట్టిండు. గంట వినొస్తుంటే నేను అడిగిన, ఇంట్ల చెప్పవా అని. భయ్యా నవ్విండు."

"ఏమన్నడు?"

"పర్వా లేదు, నేను పోయేదాంక మా అమ్మ కొడుతనే ఉంటది, అన్నడు."

అతను గోడ ఇవతల ఫోను మాట్లాడుతుండగా పేలింది. కొడుకు పుట్టాడని విన్నాడట. ఆ తర్వాత ఇంకేమీ వినబడలేదట.

"ఈ మాట గేటు దగ్గర చెప్పు," అన్నాను. అతని సంచి పట్టుకున్నాను. "ఇప్పుడే పోదాం, నాతోని రా. నువ్వొక్కడివి చెప్తే చాలు, మా అన్న పేరు రాసుకుంటరు, నాయిన రక్తం తీసుకుంటరు, ఏదో ఒకటి ఇస్తరు మాకు, ఒక ఎముకన్నా ఇస్తరు!"

"నహీ బోల్ సక్తా, దీదీ, చెప్పలేను. డ్యూటీ జాగా వదిలింది నేను. అంతా నా మీదేస్తరు. కాంట్రాక్టర్ టికెట్ ఇచ్చిండు, గాడీకి పోవాలె." నల్ల కవరు నా చేతిలో పెట్టాడు. ఎర్ర మంకీ క్యాపు. తర్వాత ఏం చేయాలో తెలియనట్టు నా కాళ్ళు ముట్టుకున్నాడు. నేను పక్కకు జరిగాను. వెళ్ళిపోయాడు.

నాయిన వచ్చాడు. పుట్టి నడి చెరువుకు వచ్చాక కవరు విప్పి చూపించి, గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పాను. నాయిన తెడ్డు ఆపాడు. పుట్టి తనంతట తాను ఒక చుట్టు మెల్లగా తిరిగింది, గడ్డ కనబడింది, పొగ గొట్టాలు కనబడ్డాయి, మళ్ళీ గడ్డ కనబడింది. గంట ఒక్కటే వినబడుతోంది.

"లోపల పెట్టు," అన్నాడు.

"అమ్మకు చెప్పొద్దా?"

"చెప్తే గంట ఆగుతది. ఆగినంక ఆమె ఏం చెయ్యాలె చెప్పు." తెడ్డు అందుకున్నాడు. "నాతోని కాదు బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి. నీకెట్ల తోస్తే గట్ల చెయ్యి."

*

క్రిస్మస్ పొద్దున పాస్టరు అయ్యగారు పటాన్‌చెరు నుంచి వచ్చారు. మంచులో గంట వెంబడే వచ్చారు. పుట్టి దిగి, తెల్లంగీ అంచు పట్టుకుని గుడి ముందుకు వచ్చారు. తాడు అమ్మ చేతిలో ఉంది. దిగిన మనిషిగా మూడు దెబ్బలు కొట్టాలి. ఆరాధనకు గంట ఆపి, మళ్ళీ పండుగ గంట కొత్తగా కొట్టాలి, అదీ పద్ధతే. పెద్దలు ముందే ఆయనతో మాట్లాడి ఉంచారని నాకు తెలుసు. అయ్యగారు చెప్తే ఎలిజబెత్ వింటుందని.

అయ్యగారు తాడు మీద చెయ్యి వేశారు. అమ్మ చేతులు దగ్గర నుంచి చూశారు. అరచేతులు పగిలి, పాత చీర ముక్కలు చుట్టి ఉన్నాయి.

"వందనాలు అయ్యగారూ," అంది అమ్మ. "లోపలికి పోండ్రి. నేను ఈడికెళ్ళే వింట."

అయ్యగారు చెయ్యి తీసేసి లోపలికి వెళ్ళిపోయారు.

వాక్యం చదివారు, పాటలు పాడారు, నేను తెచ్చిన నక్షత్రాలు ఇంటింటి గుమ్మానికి కట్టారు. బయట గంట మోగుతూనే ఉంది. బీరంగూడ నుంచి యాదన్న వాళ్ళు వచ్చారు. నిజంగానే చుట్టాల్లా వచ్చారు, చేతిలో కేకు డబ్బాతో. తిన్నారు. ఫోటోలు దిగారు, అమ్మ కనబడకుండా చూసుకుని దిగారు. వెళ్ళేటప్పుడు యాదన్న భార్య అమ్మను పట్టుకుని, "అక్కా, నువ్వు గూడ రా. మా పక్క రూం ఖాళీగ ఉంది. ఈడ ఏముందక్కా?" అంది.

"వాడొచ్చే దారుంది," అంది అమ్మ.

కొత్త సంవత్సరం తర్వాత ఒక్కో ఇల్లు ఖాళీ అయింది. వెనక వరుస వాళ్ళు మంచాలు పుట్టిల్లో ఎక్కించుకుని పోయారు. వాళ్ళను కూడా అమ్మ గంట కొట్టి సాగనంపింది. మల్లయ్య తాతను కొడుకు కంది ఊరికి తీసుకుపోయాడు. పోయేముందు తాత గంట కంబాన్ని పట్టుకుని కాసేపు నిలబడి, "నా వంతు ఎవలు పడతరు బర్నబా?" అని అడిగాడు. ఇప్పుడు గడ్డ మీద మేమే ఉన్నాం, మిగతా ఇళ్ళకు తాళాలు, ఆ తాళాల పైన నా నక్షత్రాలు. రాజవ్వకు దగ్గు. నాయినకు పాశమైలారంలో వాచ్‌మన్ పని దొరికింది, పన్నెండు గంటల డ్యూటీ.

అమ్మ తినడం లేదు. కూర్చుని తాడు లాగడం నేర్చుకుంది. నిన్న నాతో అంది, "నీళ్ళు తీస్తున్నయ్ సూసినవా? ఇంక కొన్నొద్దులైతే పుట్టి అక్కర్లే. నడిచే వస్తడు."

రేపు నేను హాస్టల్‌కు పోవాలి. కాలేజీ ఎప్పుడో తెరిచారు, ఇంకా ఆగితే పరీక్ష రాయనివ్వరట. నేను పోతే ఈ తాడుకు అమ్మ ఒక్కతే.

ఇప్పుడు తెల్లవారుతోంది. మంచు పలచబడింది, అవతలి గట్టు మసగ్గా కనబడుతోంది, కంపెనీ గోడకు కొత్తగా సున్నం వేస్తున్నారు. కంబానికి ఆనుకుని అమ్మ నిద్రపోయింది. ఇన్నాళ్ళలో మొదటిసారి, మంచు వేళ, తాడు నా చేతికి తనే ఇచ్చి నిద్రపోయింది. నేను ఊపిరికొక దెబ్బ కొడుతున్నాను. నా స్వెట్టర్ లోపల అన్న క్యాపు ఉంది. అది తాడుకు చుట్టి, దాని మీద నా చెయ్యి పెట్టి గబగబా మూడు కొడితే, అన్న దిగినట్టే లెక్కవుతుందో కాదో నాకు తెలియదు. మూడో దెబ్బకు అమ్మ లేస్తుంది. లేచి మొదట గట్టు వైపు చూస్తుంది, తర్వాత నా చేతి వైపు చూస్తుంది. కొట్టకపోతే, రేపటి నుంచి ఈ కంబం కింద అమ్మ ఒక్కతే కూర్చుని, చేతులు రాలిపోయేదాకా, ఎండిన చెరువుకు గంట కొడుతూనే ఉంటుంది.

తాడు పట్టుకోండి. బరువు తెలుస్తోందా? మీరైతే ఏం చేస్తారు?